నూట ఇరవై గేముల పందెం

మన జంషెడ్‌పూర్ క్లబ్బుల్లో బిలియర్డ్స్ పందెమంటే మహా అయితే టీ ఖర్చు. 1996లో హాంకాంగ్‌లో జరిగిన పూల్ పోటీ బహుమతి మాత్రం అక్షరాలా లక్ష డాలర్లు!

ఒకవైపు 1990, 1991 ప్రపంచ చాంపియన్, ముక్కుమీద కోపానికి పేరుపడ్డ అమెరికన్ ఎర్ల్ స్ట్రిక్లాండ్. ఎదురుగా ఫిలిప్పీన్స్ ‘మాంత్రికుడు’ ఎఫ్రెన్ రేయస్. ఆట నైన్‌బాల్. బల్లమీదున్న వాటిలో చిన్న అంకె బంతినే ముందు తాకాలి. తొమ్మిదో బంతి సక్రమంగా సంచిలో పడితే గేమ్ ముగిసినట్టే. ముందు 120 గెలిచినవాడిదే పందెం.

మూడు రోజులు సాగింది. ఒక దశలో 17 గేములు వెనకబడ్డ రేయస్, చివరికి 120–117తో గెలిచాడు. నన్నడిగితే, ఆ మొండి ఓపిక ముందు లక్ష డాలర్లూ చిన్నవే. ప్రపంచ కిరీటం కూడా 1999లో ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.