షట్‌డౌన్ నొక్కితే నీలి తెర

కంప్యూటర్ రోజంతా బాగానే పనిచేస్తుంది. షట్‌డౌన్ నొక్కగానే నీలి తెర! ఎందుకిలా?

ఆగిపోయే ముందు విండోస్ ప్రతి పరికరాన్నీ ఆగమంటుంది. ఆ మాట చేరవేసేది డ్రైవర్ అనే ప్రోగ్రామ్. వైఫైదో, ప్రింటర్‌దో డ్రైవర్ బదులివ్వకపోతే, విండోస్ కొంతసేపు చూసి కుప్పకూలుతుంది. తెర మీద ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అని కనిపిస్తే అనుమానం డ్రైవర్ మీదే.

మరి ఏం చేయాలి? ముందు యూఎస్‌బీ పరికరాలన్నీ తీసేసి షట్‌డౌన్ చేయాలి. సజావుగా ఆగిందా? అయితే ఒక్కొక్కటే తగిలించి చూస్తే దొంగ దొరుకుతుంది. దాని డ్రైవర్‌ను అప్‌డేట్ చేయాలి.

ఇంకో సంగతి. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పూర్తిగా ముగియదు. కొంత భాగం డిస్క్‌లో దాచుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో, పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపి, నీలి తెర పోతుందేమో చూడవచ్చు.

మళ్లీ ఒకసారి: పరికరాలు తీయాలి, డ్రైవర్ అప్‌డేట్ చేయాలి, ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి.