పుట్టులోపములు – మన కర్తవ్యము
(మన సంఘ సమావేశమునందు ఒక సభ్యులు చేసిన ఉపన్యాస పాఠము)



నేను వైద్యుడను గాను, వర్తకుడను. అయినను మన కుటుంబములకు సంబంధించిన ఒక విషయమును దాచక చెప్పవలసియున్నది. శిశువు లోపముతో పుట్టినచో మన యిండ్లలో మొదట తలుపు మూయుదురు. పిదప కోడలిని నిందింతురు. పెదవి చీలియున్నచో ‘గ్రహణపు మొర్రి’ యనియు, గ్రహణము నాడు తల్లి బయటికి వచ్చెననియు అందురు. ఇది సత్యము గాదు. పెదవి రెండవ నెలలోనే ఏర్పడును. అప్పటికి గర్భమైనదని తల్లికే తెలియకపోవచ్చును. ఆ చీలికను మూడు మొదలు ఆరు మాసముల ప్రాయమున శస్త్రచికిత్సచే కలుపుదురు. వంకర పాదమునకు మొదటి వారములలోనే కట్లు కట్టించినచో చాలవరకు సరియగును.

కంటికి కనబడని లోపములు మరింత అపాయకరములు. థైరాయిడ్ గ్రంథి పనిచేయని శిశువు చూచుటకు ఆరోగ్యముగనే యుండును. మడమనుండి కొన్ని రక్తబిందువులు తీసి పరీక్షించి, రెండు వారములలోపల మందు ప్రారంభించినచో బుద్ధి చక్కగా వికసించును. ఆలస్యమైనచో బుద్ధిమాంద్యము స్థిరపడును. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎన్. అప్పాజీరావు ప్రభృతులు 1980 దశకముననే కర్ణాటకమందు లక్షకు పైగా నవజాత శిశువుల రక్తమును పరీక్షించిరి. ఆ దశకమున బెంగుళూరు, మైసూరు ఆసుపత్రులలో ప్రసవించిన తల్లులను విచారింపగా, నూటికి సుమారు ముప్పది వివాహములు రక్తసంబంధులలోనివని తేలెను. అందు మేనమామ–మేనకోడలి వివాహములే యధికము.

ఇది మనకును తగులు మాటయే. పరభాషా ప్రాంతమున స్థిరపడిన మన పెద్దలు పిల్ల కన్నులయెదుట నుండవలెననియు, ఆస్తి చెదరరాదనియు మేనరికములు చేసిరి. వారి ప్రేమను శంకింపరాదు. కాని లెక్క చూడవలెను. సామాన్యముగ నూరు కాన్పులలో రెండు మూడింట పెద్ద లోపములు కనబడును. మేనరికమున మరి రెండు మూడు చేరును. అనగా అధికసంఖ్యాకులు ఆరోగ్యవంతులే. అయితే దంపతులిరువురును ఒకే దోషబీజమును మోయుచున్నచో, ప్రతి కాన్పునందును నాలుగింట ఒకవంతు ప్రమాదము కలదు. ఆ బీజము తల్లిదండ్రు లిరువురి నుండియు సమముగ వచ్చునపుడు, నింద కోడలి కొక్కతెకే యేల?

కావున నా మనవులు నాలుగు. వంశమున ఇట్టి బిడ్డ పుట్టియున్నచో, సంబంధము నిశ్చయించుటకు ముందు జన్యు వైద్యుని సంప్రదింపుడు. గర్భధారణకు పూర్వమే, వైద్యుని సలహాపై, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వాడుడు. వెన్నెముక లోపముగల బిడ్డను కన్న తల్లులలో అది తిరిగి కలుగుటను ఈ మాత్రలు 72 శాతము తగ్గించునని 1991లో బ్రిటిష్ పరిశోధకులు నిరూపించిరి. బిడ్డ పుట్టిన వెంటనే మడమ రక్తపరీక్ష అడుగుడు. లోపము కనబడినచో దాచక ప్రభుత్వ ఆసుపత్రికి గొనిపొండు; 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద 18 ఏండ్ల వరకు పరీక్షయు, చికిత్సయు ఉచితము.

మన గనులు 2001లో మూతపడినవి. ఇక మనకు మిగిలిన బంగారము మన బిడ్డలే. వారిలో ఒక్కరినైనను సిగ్గుచే పోగొట్టుకొనకుందుము గాక. సెలవు.