మెర్సీ నది కింద దారి

ఇంగ్లండులోని లివర్‌పూల్ నుంచి అవతలి గట్టున ఉన్న బిర్కెన్‌హెడ్‌కు వంతెన కట్టకుండా, మెర్సీ నది అడుగున సొరంగం తవ్వడమే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. ఓడల మీద బతికే రేవుకు నదిపై అడ్డు ఉండకూడదు. 1925లో పని మొదలైంది. రెండు గట్ల నుంచీ తవ్వుకొచ్చిన దారులు 1928లో నది నడుమ కలిస్తే, తేడా అంగుళమైనా లేదు. మరి సొరంగంలో మోటార్ల పొగకు ఊపిరాడుతుందా అంటారు. నిజమే, అసలు చిక్కు తవ్వకం కాదు, గాలి. అందుకే పెద్ద పెద్ద ఫ్యాన్లతో ఆరు భవనాలు కట్టారు. తాజా గాలి రోడ్డు కింది నుంచి వస్తుంది, పొగ పైనుంచి పోతుంది. 1934 జూలై 18న ఐదో జార్జి రాజు ప్రారంభించిన ఈ రెండు మైళ్ల దారి కోసం 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారిని తలచుకోకుండా దీన్ని మెచ్చుకోవడం అన్యాయం. అయినా, వాహనాలు పెరిగి ఇంకో దారి కావలసి వచ్చినప్పుడు కూడా లివర్‌పూల్ నది కిందికే వెళ్లింది. రెండో సొరంగం 1971లో తెరుచుకుంది.