దైవాధీనం కాదు, వైద్యాధీనం

హాస్యనటుని పేరు చూచి జనం టిక్కెట్టు కొనడం తెలుగు చలనచిత్రరంగంలో ఒకనాడు క్రొత్త సంగతి. ఆ క్రొత్తదనానికి కారకులైనవారిలో కస్తూరి శివరావుగారు ప్రథమగణ్యులు. ఆయన 1913లో కాకినాడలో జన్మించారు. మూగచిత్రాల కాలంలో తెరప్రక్క నిలిచి ప్రేక్షకులకు కథ వినిపించే వ్యాఖ్యాతగా ప్రారంభించి, 1939లో ‘వరవిక్రయం’తో తామే తెరమీదికి వచ్చారు. 1948లో వచ్చిన ‘బాలరాజు’ ఆయన పేరును ఊరూరా మారుమ్రోగించింది.

మరుసటి సంవత్సరం వాహినీవారి ‘గుణసుందరి కథ’లో కె.వి. రెడ్డిగారు ఆయనకు నాయకపాత్రనే అప్పగించారు. శాపవశాన వికృతరూపం పొందిన ఆ పాత్ర పేరు దైవాధీనం. తమ పాటలను తామే పాడుకొంటూ, నవ్విస్తూనే జాలి పుట్టించిన నటన అది. 1950లో ‘పరమానందయ్య శిష్యులు’ చిత్రానికి దర్శకత్వం వహించి, గిరిజగారిని తెరకు పరిచయం చేశారు. ఆయన బ్యూక్ కారు కనబడితే చాలు, జనం మూగేవారని ఆనాటివారు కథలుగా చెప్పుకొనేవారు.

ఆ వైభవం ఎంతోకాలం నిలువలేదు. మద్యపానం వ్యసనమైనది. అవకాశాలు సన్నగిల్లాయి, ఆర్జించిన ధనం కరిగిపోయింది. 1966లో, పేదరికంలో, ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు మాత్రమే.

ఈ కథను మనం సాధారణంగా నీతికథగా చెప్పుకొంటాము. “పేరు వచ్చింది, కళ్ళు నెత్తికెక్కాయి, చెడిపోయాడు” అని మూడు ముక్కలలో ముగిస్తాము. లేదా, “అంతా దైవాధీనం” అని నిట్టూరుస్తాము. ఈ రెండు తీర్పులలోను వైద్యునికి చోటు లేదు. లోపం అక్కడే ఉన్నది.

అదే 1966లో అమెరికాలో మరొక మహాహాస్యనటుడు మరణించాడు. ఆయన బస్టర్ కీటన్. మూగచిత్రాలలో చాప్లిన్‌తో సమానంగా పేరు పొందినవాడు. 1928లో స్వంత సంస్థను వదలి పెద్ద స్టూడియోలో చేరి, పనిమీద స్వాతంత్ర్యం కోల్పోయాడు. సంసారం విచ్ఛిన్నమైనది, మద్యానికి దాసుడయ్యాడు. 1933లో ఉద్యోగం పోయింది; 1935లో మానసిక చికిత్సాలయంలో ఉండవలసి వచ్చింది. కాని కథ అక్కడ ముగియలేదు. క్రమంగా కోలుకొన్నాడు. 1940లో తిరిగి వివాహం చేసుకొన్నాడు. 1960లో గౌరవ ఆస్కారు అందుకొన్నాడు. చివరివరకు నటిస్తూనే ఉన్నాడు. పడినవాడు లేవగలడనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇది సినిమావారి సంగతి మాత్రమే కాదు. బీబీపేట మొదలు ఎల్లారెడ్డి వరకు, కామారెడ్డి ప్రాంతపు శ్రోతలకు కల్లు సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. చెట్టు కల్లు వేరు, మందు కలిపిన కల్లు వేరు. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, అల్ప్రాజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లుకు నాడీమండలం అలవాటు పడుతుంది. 2015లో నిజామాబాదు జిల్లాలో అట్టి కల్లు సరఫరా ఒక్కసారిగా తగ్గినప్పుడు, ఎందరో వణుకుతో, మూర్ఛలతో, మతి చలించి ఆసుపత్రులపాలయ్యారు. నిన్నటిదాకా కష్టపడి పనిచేసిన మనుషులు ఆనాడు పిచ్చిచేష్టలు చేశారు. అది దయ్యం కాదు, దురహంకారం కాదు. మందు అందని మెదడు పడిన బాధ.

మన నాటకాలలో తాగుబోతు వేషం తప్పక నవ్వు పుట్టిస్తుంది. వీధిలో తూలేవానిని చూచి పిల్లలు వెంటపడతారు, పెద్దలు ముసిముసిగా నవ్వుతారు. ఇంటిలోని ఇల్లాలికి మాత్రం ఆ నవ్వు రాదు. దిగులు మరపించుకొనడానికి కొందరు త్రాగుతారు. త్రాగుడు వారి దిగులును మరింత పెంచుతుంది. ఇట్లు ఒకటి రెండవదానికి కొమ్ము కాస్తుంది. అందుచేత రెండింటికీ కలిపి చికిత్స చేయవలె.

ఇంటివారు గ్రహించవలసిన ముఖ్యవిషయం ఒకటి ఉన్నది. ఏండ్ల తరబడి అలవాటు పడినవానిని గదిలో పెట్టి తాళం వేసి, ఒక్కరోజులో మాన్పించబూనడం ప్రాణాపాయం. ఒట్టు పెట్టించడం, మెడలో తాయెత్తు కట్టడం ఆ వణుకును ఆపలేవు. వైద్యుని పర్యవేక్షణలో, తగిన మందులతో, మెల్లమెల్లగా మాన్పించవలె. కామారెడ్డి ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యుని సంప్రదించవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉన్నది. మనోవ్యథకు 14416, వ్యసనవిముక్తికి 14446 అనే సంఖ్యలకు ఫోను చేసి, ఖర్చు లేకుండా సలహా పొందవచ్చు.

‘గుణసుందరి కథ’లో భర్త ఎట్టి రూపంలో ఉన్నా గుణసుందరి అతనిని వెలివేయలేదు, చివరకు శాపం తీరింది. సినిమాలో శాపాలు దేవతల దయవల్ల తీరుతాయి. మన ఊళ్ళలో అవి తీరవలెనంటే, ఒకరు చేయి పట్టుకొని రోగిని ఆసుపత్రి గడప ఎక్కించవలె. ఆ ఒక్కరు మనమే కావచ్చును.