ప్రసారమే తీర్పు కారాదు

(ఢిల్లీలో ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేరాలు పెరగడానికి పత్రికలు, సినిమాలు, టెలివిజనే కారణమని కొందరు అంటారు. నేరాలను బయటపెట్టేవి అవేనని మరికొందరు వాదిస్తారు. ఈ నగరంలోనే జరిగిన ఒక ఉదంతం ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

2007 ఆగస్టు 30న లైవ్ ఇండియా టెలివిజన్ ఛానెల్ రహస్య కెమెరాతో తీసిన దృశ్యాలను ప్రసారం చేసింది. తుర్క్‌మాన్ గేట్ సమీపంలోని ప్రభుత్వ బాలికల పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయురాలు విద్యార్థినులను వ్యభిచారంలోకి దింపుతున్నదని అందులోని ఆరోపణ. వెంటనే జనం పాఠశాలపై విరుచుకుపడ్డారు. ఆమెను కొట్టారు, బట్టలు చింపారు. విద్యాశాఖ ఆమెను మొదట సస్పెండు చేసింది. పిమ్మట శాఖాపరమైన విచారణ లేకుండానే రాజ్యాంగం 311(2) అధికరణం కింద ఉద్యోగం నుండి తొలగించింది.

దర్యాప్తులో తేలినదేమిటి? దృశ్యాలలో విద్యార్థినిగా కనిపించిన యువతి అసలు విద్యార్థినే కాదు. ఉపాధ్యాయురాలిపై సాక్ష్యమేదీ లేదు. విలేకరి అరెస్టయ్యాడు. కేంద్ర ప్రభుత్వం ఛానెల్ ప్రసారాలను ఒక నెల నిలిపివేసింది. ఢిల్లీ హైకోర్టు తనంతట తానే ఈ విషయాన్ని చేపట్టింది.

మిత్రులారా! ఇక్కడ నేరాన్ని చూపుతామన్న ప్రసారమే నేరానికి ప్రేరణ అయింది. వీధిలోని గుంపూ, కార్యాలయంలోని అధికారీ ఒకే పని చేశారు: విచారించక ముందే శిక్షించారు.

311వ అధికరణం మనకు కొత్త కాదు. విచారణ ఆచరణసాధ్యం కాదని కారణం రాసి ఉద్యోగిని తొలగించే అధికారం రైల్వే క్రమశిక్షణ నియమావళి 14వ నియమంలోనూ, తపాలా ఉద్యోగులకు వర్తించే 19వ నియమంలోనూ ఉన్నది. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీం కోర్టు దానిని సమర్థించింది. 1974 సమ్మెలో పాల్గొన్న రైల్వే కార్మికులకు ఈ ఆయుధం పదును తెలుసు. ఛార్జిషీటు, సంజాయిషీ, సాక్షులను ప్రశ్నించే హక్కు - ఇవి లేని ఉద్యోగం గాలిలో దీపమే.

పత్రికా స్వేచ్ఛను మనం కోరుతున్నాం. లంచగొండుల గుట్టు విప్పే విలేకరికి మన అండ ఉంటుంది. అయితే వార్త ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. రేపు మన తోటి గార్డుపైనో, పోస్ట్‌మాన్‌పైనో ఇటువంటి దృశ్యం వెలువడితే, మనం గుంపులో కలవరాదు. అతడు దోషి అని గాని, నిర్దోషి అని గాని ముందే తేల్చరాదు. “విచారణ జరపండి” అని ఒక్క కంఠంతో అడగాలి. ఆ మాట అనగలిగిననాడే మన సంఘం సంఘం!