నూలుపోగు - గణితసూత్రము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి విచ్చేసిన మీయెదుట గణితమును గూర్చియు, ఉన్నతవిద్య నభ్యసించువారి జీవనమును గూర్చియు నాలుగు మాటలు విన్నవించుకొను భాగ్యము కల్పించిన ఆహ్వానసంఘమువారికి కృతజ్ఞుడను. సంస్కృతము చెప్పుకొని జీవించిన వృద్ధోపాధ్యాయునకు గణితముతో పనియేమని కొందరు శంకింపవచ్చును. సంస్కృతమున సూత్రమనగా నూలుపోగు. శాస్త్రసారమును సంగ్రహించి చెప్పు వాక్యమునకును అదియే పేరు. తంత్రమనగా మగ్గము, తంత్రమనగా శాస్త్రమును. ఈ రెండు మాటలును మన యింటివే.

కావున గణితము మనకు పరాయివిద్య కాదు. నలుబది నంబరు నూలనగా నేమి? 840 గజముల చిలపలు 40 కలిసి ఒక పౌను తూగునని యర్థము. అనగా పౌనునకు 33,600 గజములు. ఇరువది నంబరైనచో అందులో సగమే. పొడవు మారకుండ నంబరు రెట్టింపైనచో తూకము సగమగును. భాస్కరాచార్యులు 1150 ప్రాంతమున లీలావతియందు వివరించిన వ్యస్తత్రైరాశిక మిట్టిదే. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించి, మన భాషలో గణితమునకు త్రోవ వేసెను. అక్షరము రాని మన తాతలు సైతము ఈ లెక్కను వ్రేళ్లమీద చేసిరి.

అట్టి కులమున పుట్టిన బాలుడు గణితమున ఎం.ఎస్సి. ముగించి పరిశోధనకు పోయెదననినచో ఇంట దిగులు పుట్టును. “ఇంకను చదువేనా? జీతమెప్పుడు?” అని తండ్రి యడుగును. “ముప్పదియేండ్లు వచ్చుచున్నవి, పెండ్లియెప్పుడు?” అని మేనత్త యడుగును. ఆడుబిడ్డయైనచో ఆ ప్రశ్న పదియేండ్లు ముందుగనే పుట్టును. తోడివాడు భీవండికో దుబాయికో పోయి డబ్బు పంపుచుండగా, వీడు తెల్లకాగితము ముందు పెట్టుకొని గోడవైపు చూచుచుండుట వారికి సోమరితనముగ తోచును.

నేతలో సాయంకాలమునకు ఇన్ని గజములని లెక్క తేలును. పరిశోధనలో ఆరుమాసములు వ్రాసినది యంతయు ఒక్క దోషము కనబడగనే కొట్టివేయవలసి వచ్చును. ఐనను అది వ్యర్థము కాదు. పడుగు సిద్ధము చేయునంతసేపు గుడ్డ కానరాదు. అంతమాత్రమున పని జరుగలేదని యే నేతగాడును అనడు గదా!

ఇక ప్రశ్నను గూర్చి ఒక మాట. మన తరగతులలో ప్రశ్నించిన విద్యార్థిని ఎదురు చెప్పువానిగ నెంచు వాడుక యున్నది. మన శాస్త్రసంప్రదాయ మట్టిది కాదు. పూర్వపక్షము లేనిదే సిద్ధాంతము లేదు. తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణరావుగారి వృత్తాంతమే దీనికి నిదర్శనము. 1920లో జన్మించిన వారు ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. పట్టము పొంది, ఉద్యోగమునకై కలకత్తా పోయి, అది లభింపక, 1941లో భారతీయ సాంఖ్యకసంస్థలో చేరిరి. అచ్చట పాఠము చెప్పుచుండగా, దండేకర్ అను విద్యార్థి, పెద్ద నమూనాలకు చెప్పిన ఫలితమే చిన్న నమూనాలకును చెల్లునా యని యడిగెను. ఆచార్యుడు కోపింపలేదు. ఆ రాత్రి కూర్చుండి సాధించి మరునాడు చూపెను. 1945లో ప్రకటితమైన ఆ ఫలితము నేడు క్రామర్-రావు అసమానతయను పేర లోకమంతట పాఠ్యమైనది. 2023లో, నూటరెండేండ్ల వయస్సున, వారికి అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర బహుమానము లభించినది. ఆ సంవత్సరముననే కీర్తిశేషులైరి. బాల్యమున తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి చదువుకొమ్మనెడివారని వారే వ్రాసికొనిరి. ఆమె జీతమెప్పుడని యడుగలేదు, దీపము వెలిగించినది.

ధనవంతులైన పోషకులకు నా మనవి యొక్కటే. కేంద్రప్రభుత్వ పరిశోధకవేతనము 2023 జనవరి మొదలు నెలకు 37,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. ఆ పరీక్షలో నెగ్గి పరిశోధనలో చేరినవానికి భుక్తి కరవు కాదు. కష్టమంతయు అంతకు ముందున్నది: ఎం.ఎస్సి. చదువు రెండేండ్లును, పరీక్షకు సిద్ధపడు ఒకటి రెండేండ్లును. ఆ మూడునాలుగేండ్లలోనే బీదబిడ్డ పుస్తకము మూసి సాంచాల కార్ఖానా చేరుచున్నాడు. అప్పుడు హైదరాబాదులో వసతియు, పుస్తకముల వెలయు, రైలు ఛార్జీయు మన సంఘము భరించినచో చాలును. ఈ సభకు వేయు పందిళ్లలో ఒకటి తగ్గించినను ఒక విద్యార్థి సంవత్సరము గడచునేమో ఆలోచింపుడు. బాలురతో సమముగ బాలికలకును ఆ సాయమందవలెను.

తలిదండ్రులకును ఒక మనవి. మీ బిడ్డ చేయు గణితము మీకు తెలియకున్నను కొరత లేదు. తెగిన పోగును అతుకునపుడు మీరు చూపు ఓర్పును ఆ బిడ్డయెడలను చూపుడు. అంతకు మించిన పోషణము లేదు.