ఇంటర్ పుస్తకం దాటి

పెద్దలు చాలా విషయాలు చెప్పారు, పిల్లలు ఆకలి మీద ఉన్నారు. అందుకని ఇంటర్ చదివేవాళ్ళకు ఒక్క సంగతే చెబుతాం.

మా హాస్టల్లో బైపీసీ పిల్లను ఎవరిని అడిగినా నీట్ అంటుంది. అది తప్పని మేం అనడం లేదు. కానీ సైన్సునే చదువుకోవాలన్న కోరిక ఉన్న పిల్లకు తిరుపతి, బరంపురం, పుణె లాంటి ఏడు చోట్ల ఐసర్‌లు ఉన్నాయని తెలిసేసరికి దరఖాస్తు గడువు దాటిపోతోంది. ఏటా ఇదే చూస్తున్నాం. ఆ ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలు: జీవ, భౌతిక, రసాయన శాస్త్రాలు, గణితం నుంచి 15 చొప్పున. బైపీసీ వాళ్ళూ రాయొచ్చు. అయితే పదో తరగతితోనే లెక్కలు వదిలేసిన పిల్లకు ఆ 15 ప్రశ్నలు కొండలా కనబడతాయి. ఫస్టియర్ నుంచే ఎంపీసీ అక్కల దగ్గర రాత్రి అరగంట కూర్చోండి. బదులుగా వాళ్ళకు జీవశాస్త్రం చెప్పండి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

నవంబరులో సైన్స్ ఒలింపియాడ్‌ల తొలి పరీక్షలు జరుగుతాయి. ముంబయిలోని హోమీ భాభా కేంద్రం వెబ్‌సైట్‌లో పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి. పరీక్ష రాయకపోయినా నెలకొకటి ముందేసుకుని కుస్తీ పట్టండి. బట్టీ కొట్టినవాళ్ళకు అవి లొంగవు.

ఇక ఫస్టియర్ పరీక్షలయ్యాక ఇంటికి పోతారు. అప్పటికి ఇప్పపూలు రాలుతుంటాయి. తెల్లవారుజామున అమ్మతో ఏరడానికి ఎలాగూ వెళ్తారు కదా, ఈసారి ఒక నోటుబుక్కు కూడా పట్టుకెళ్ళండి. ఒకే చెట్టు కింద రోజూ ఎన్ని కిలోలు రాలాయి? మబ్బు పట్టిన రోజు తగ్గాయా? పూలు ఎందుకు అంత తీపిగా ఉంటాయి? ఆ తీపి కోసం వచ్చే గబ్బిలాలే వాటికి పరాగసంపర్కం చేస్తాయని ఎంతమందికి తెలుసు? పదిహేను రోజుల లెక్క మీ చేతిలో ఉంటే, ఇంటర్వ్యూలో ‘నువ్వు సొంతంగా ఏం చేశావు’ అన్నప్పుడు నేల చూపులు చూడక్కర్లేదు. సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో దేశమంతటా విద్యార్థులు ఇలాగే చెట్ల పూత, కాత నమోదు చేస్తున్నారు, మీరూ చేరొచ్చు.

హెచ్‌ఈసీ, సీఈసీ పిల్లలు మాకేముందని అలగొద్దు. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు సీయూఈటీ ఉంది. మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌కెక్కింది. ఆ లిపి నేర్చుకుని, తాత చెప్పే కథ ఒకటి రాసి, పక్కనే తెలుగు అర్థం పెట్టండి. చరిత్ర, భాషాశాస్త్రం చదవాలనుకునేవాళ్ళకు అంతకన్నా మంచి పని మాకు తోచడం లేదు. కోచింగ్ సెంటర్‌లో ఆ తాత ఉండడు.

అమ్మానాన్నలూ, మీకొక మాట. ఆడపిల్ల అంత దూరమా అంటారు. ఐఐటీల్లో ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. హాస్టల్ అంటారా, ఆరో తరగతి నుంచి మా దగ్గర ఉన్న పిల్లకు అది కొత్తేం కాదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో కులధ్రువపత్రం మాత్రం ఈ సెలవుల్లోనే తీసి పెట్టండి. దరఖాస్తుల తేదీలు మేం భోజనశాల గోడకు అంటిస్తాం, పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడు చదువుకోండి.